ఆళ్లగడ్డలో నేనెవరి మనిషిని

ఆళ్లగడ్డ పోయి ఏం చేసి వచ్చావని తెనాలిలో ఎవరడిగినా, తిని వచ్చానని చెబుతున్నాను. నవ్వి ఊరుకుంటున్నారు. అది నవ్వి ఊరుకునే సంగతి కాదు. అందుకే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

నేను ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడగకండి. అడిగినవాళ్లకు నేనిచ్చిన జవాబులు మా వీధిలో ఇంకా చెప్పుకుంటున్నారు. కొన్నేళ్ల కిందట నేను గుంటూరు ట్రైనింగు స్కూల్లో పనిచేసినప్పుడు నా దగ్గర చదువుకున్న రత్నమ్మ ఇప్పుడు ఆళ్లగడ్డలో చిన్నపిల్లల టీచరు. బడి వదిలాక సాయంత్రాలు ఒక రీడింగు రూము నడుపుతోంది. మనిషికి పుట్టుకతోనే హక్కులుంటాయన్న మాట యూరప్‌లో ఎలా పుట్టిందో ఆ రోజుల్లో తమకు చెప్పినట్టే తమ ఊరికి వచ్చి చెప్పమని కబురు పెట్టింది.

"ఆ పార్టీల ఊళ్లల్లో హక్కుల మాట ఎవడు వింటాడే?" అని మా వదిన బుగ్గలు నొక్కుకుంది. ఇక్కడ చెబితే మీరంతా ఆవలిస్తారు, అక్కడైతే కనీసం కోపమన్నా తెచ్చుకుంటారని చెప్పి పెట్టె సర్దుకున్నాను.

నల్లమల

మీటరు గేజి రైలు నల్లమల ఎక్కుతుంటే, దిగి నడిస్తే దానికంటే ముందే పోతామేమో అనిపిస్తుంది. అడవి మధ్య ఒక చిన్న స్టేషన్లో సీతాఫలాల గంపతో ఒక ముసలాయన మా పెట్టెలోకి ఎక్కాడు. గంప సర్దుకుని, నన్ను తేరిపార చూసి, "ఎవురి తాలూకమ్మా నువ్వు?" అన్నాడు.

"మాది తెనాలి."

"ఊరు గాదమ్మా నేనడిగేది. ఎవురి మనిషివీ అని."

"ఎవరి మనిషినీ కాదు. నా మనిషిని నేనే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అయ్యో పాపం, ఎవురూ లేరా" అని, గంపలోంచి బాగా మాగిన కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. యూరప్ మూడొందల ఏళ్లు నెత్తురు కార్చి సంపాదించుకున్న మాటను నేను ఒక్క ముక్కలో చెబితే, దానికి నాకు దొరికింది జాలి. ఒళ్లు మండింది గాని, కాయ మాత్రం చాలా బాగుంది.

నంద్యాల

నంద్యాలలో స్టేషను బయటికి వస్తే దారంతా పత్తి బండ్లే. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన పింజెలు చెట్లకూ, మనుషుల తలలకూ, ఎద్దుల కొమ్ములకూ అంటుకుని ఉన్నాయి. హోటల్లో ఉగ్గాని అడిగాను. మనం మరమరాలంటామే, వాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో తడిపి, పిండి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. మన తెనాలిలో మిరపకాయ కడుపు చీల్చి గింజలు తీసి వాము కూరుతాం. ఇక్కడ అలాంటి మర్యాదలేం లేవు. కాయను కాయగానే ముంచి వేస్తారు. మొదటి ముక్కకే నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది.

"ఆడోళ్లకు లోపల గది ఉండాదమ్మా" అన్నాడు హోటలాయన. ఆ గది పొయ్యి పక్కన, గోనెపట్టా చాటున ఉంది. నాకిక్కడే గాలి వస్తోందని చెప్పి వాకిట్లో బల్ల మీదే కూర్చున్నాను. నా బల్ల మీది మగవాళ్లు ఇద్దరు లేచి నిలబడి తిన్నారు. కొత్త పైసలు వచ్చిన రోజులు కదా, ధర అణాల్లో చెప్పి పైసల్లో పుచ్చుకుంటున్నాడు. నడుమ మిగిలే ముక్క ఎవరికి చెందాలని హోటలంతా తగువు. నాకు ముచ్చటేసింది. కాణీ కోసం ఇంత గట్టిగా పోట్లాడేవాళ్లు హక్కు కోసం పోట్లాడలేరా అనుకున్నాను.

సిరివెళ్ల దారిలో

బస్సులో నా పక్కన ఓబులమ్మ కూర్చుంది. నంద్యాలలో కంటి డాక్టరుకు చూపించుకుని ఆళ్లగడ్డకు తిరిగిపోతోంది. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. భర్త పోయాడు, అత్తగారింట్లోనే మరిది దగ్గర ఉంటోంది. ఇవన్నీ ఊరు దాటకముందే చెప్పేసి, ఇంక నీ సంగతి చెప్పమన్నట్టు చూసింది. నేను ఏం చెప్పడానికి పోతున్నానో చెప్పాను.

"అయితే నాకే చెప్పు ముందు. ఈ బస్సు ఎట్లాగూ బిరీన పోదు" అంది.

చెప్పాను. ఇంగ్లండులో ఒక రాజు ఇష్టమొచ్చినవాణ్ణి పట్టి ఖైదులో వేసేవాడు, ఆస్తులు లాక్కునేవాడు. పెద్ద పెద్ద భూస్వాములంతా ఒక్కటై, కత్తులతో వచ్చి, ఏటిపక్క పచ్చిక బయల్లో ఆయన్ను నిలేసి, న్యాయం ప్రకారం తప్ప ఇకమీదట ఎవరి జోలికీ పోనని ముద్ర వేయించుకున్నారు.

"రాజుదొక పార్టీ, వాళ్లదొక పార్టీ. రాజీ అయినారు. అంతేనా?"

"అంతే అనుకో."

"వాళ్ల చేన్లలో పనిచేసేటోళ్ల మాట ఉండాదా దాంట్లో?"

"పెద్దగా లేదు. కానీ కాగితం కాగితమే. నాలుగొందల ఏళ్ల తర్వాత మామూలు మనుషులు ఆ కాగితాన్నే పైకెత్తి, ఇందులో మేమూ ఉన్నామని పోట్లాడారు."

"పోట్లాడినారా?" అని ఓబులమ్మ నా వైపు తిరిగి కూర్చుంది. "అది చెప్పక్కా, రాజుగాని మాటెందుకు."

అది చెప్పేలోపల సిరివెళ్ల దగ్గర బస్సు టైరు పేలింది. డ్రైవరు చెట్టుకింద పడుకున్నాడు, కండక్టరు టైరు కోసం ఇంకో బస్సెక్కి పోయాడు. అందరం ఎండలో కూర్చున్నాం. ఆళ్లగడ్డ చేరేసరికి నాకు కళ్లు తిరుగుతున్నాయి. నాకోసం బస్టాండుకు వచ్చిన రత్నమ్మ బడి వేళ అయిందని తిరిగి వెళ్లిపోయిందట. "నాలుగు ముద్దలు తినిపో అక్కా, టీచరమ్మ యాడికీ పోదు" అని ఓబులమ్మ నా పెట్టె తన నెత్తిన పెట్టుకుంది. నేను వెంట నడిచాను.

ఓబులమ్మ మిద్దె

ఆ ఊళ్లో ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. పెంకులు, తాటాకులు చూసి పెరిగిన కళ్లకు ఊరంతా ఎవరో పైన చదును చేసినట్టు ఉంటుంది. మిద్దెకు మిద్దె ఆనుకుని, ఈ చివర ఎక్కితే ఆ చివర దిగొచ్చు. ఆడవాళ్లు మిరపకాయలు ఎండబెట్టుకునేదీ, మాట్లాడుకునేదీ పైనే.

ఓబులమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర, గడ్డపెరుగు పెట్టింది. జొన్నరొట్టె చేత్తో తట్టిన చప్పుడు విన్నాక ఆకలి ఇంకో రెండింతలయింది. సిగ్గులేకుండా తిన్నాను. తినే వేళ ఆమె మరిది పొలం నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను చూసి, చాలా సంతోషపడ్డాడు. తిండి పెట్టినందుకు ఇంటి మగవాడు అంత సంతోషపడటం నేనెక్కడా చూడలేదు. అది ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

రీడింగు రూము

రీడింగు రూము బజారు నడుమ ఒక పాత పత్తి గోదాము. ముందు వెడల్పాటి బండరాతి మెట్లు, ఎదురుగా దేవుడి బొమ్మలు చెక్కే కొట్టం. లోపల రెండు బెంచీలు ఎదురెదురుగా ఉన్నాయి. పేపరు ఒక్కటే. దాన్ని రెండు ముక్కలు చేసి, పై కాగితం ఒక బెంచీకీ లోపలి కాగితం రెండో బెంచీకీ ఇస్తుంది రత్నమ్మ. చదవడం అయ్యాక ఆ బెంచీవాళ్లు ఈ బెంచీవాళ్లకు చేత్తో ఇవ్వరు. రత్నమ్మ లేచి, అక్కడిది తీసుకొచ్చి ఇక్కడ, ఇక్కడిది తీసుకుపోయి అక్కడ ఇవ్వాలి. ఒక బెంచీ పడమటింటి పార్టీది, ఇంకోటి తూర్పింటి పార్టీది. ఆ రెండిళ్ల మధ్య తరాల నాటి పగ. ఊళ్లో ప్రతి గడపా ఏదో ఒక ఇంటికి చెందినదే. రెండు పార్టీలవాళ్లూ ఒకే కప్పు కింద కూర్చునే చోటు ఆ ఊళ్లో ఇదొక్కటే.

నన్ను చూడగానే రత్నమ్మ మొహం వెలిగింది. భోజనం మాట అడిగింది. చెప్పాను. ఆ వెలుగు ఆరిపోయింది.

"ఓబులమ్మక్క ఇంట్లోనా మేడం? తూర్పింటోళ్లు వాళ్లు."

"అయితే?"

"ఈ ఊళ్లో ఎవురింట్లో తింటే వాళ్ల మనిషి కింద లెక్క. ఈ గోదాము పడమటింటి పెద్దాయనది. ఆయనే మాకు ప్రెసిడెంటు."

ఇంకెవరింటా తినకుండా ఆ రాత్రి నేను గోదాములోనే బెంచీ మీద పడుకున్నాను. ఆ పెద్దాయన మర్నాడు పొద్దున్నే అక్కడికే వచ్చాడు. తెల్లటి పంచె, నెమ్మదైన మాట. నాకు నమస్కారం చేశాడు.

"మీరు చదువుకున్నోళ్లు. తెలీక తిన్యారు. నాకేం కోపం లేదమ్మా. ఈ పొద్దు మా ఇంట్లో భోంచేయండి. మీటింగులో ముందుగా ఒక్క మాట చెప్పండి, తూర్పింట్లో తినడం పొరపాటయిందని. ఆపైన ఎంతసేపన్నా మాట్లాడుకోండి."

"ఆకలేసింది, పెట్టారు, తిన్నాను. అందులో పొరపాటు ఏ ముద్దలో ఉందో చెప్పండి."

"ముద్దలో లేదమ్మా. ఇంట్లో ఉండాది" అన్నాడాయన. "ఆ మాట చెప్పకపోతే మీటింగు లేదు. గది నాది. తాళమూ నాదే."

ఆయన వెళ్లాక నేను గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎవరింట తినాలో కూడా వీళ్లే చెబుతారా? నా నోరు, నా కడుపు. జర్మనీలో ఒక సన్యాసిని చక్రవర్తి ముందు నిలబెట్టి, మతపెద్దల మీద నువ్వు రాసినవన్నీ తప్పని ఒక్క మాట అను, వదిలేస్తామన్నారు. మనస్సాక్షిని కాదని అనలేనన్నాడు. యూరప్‌లో ఒంటరి మనిషి లేచి నిలబడిన రోజుల్లో అదొకటి. నేను మాత్రం ఎందుకు అనాలని రత్నమ్మ మీద అరిచాను.

రత్నమ్మ బెంచీలు తుడుస్తూ విన్నది. "ఆ సన్యాసిని ఒక దొర తన కోటలో దాచిపెట్టినాడని కూడా మీరే చెప్పినారు మేడం. మీకు రేపు బస్సుండాది. నాకు కోటా లేదు, బస్సూ లేదు. నేను ఈడనే ఉండాల."

పోట్లాట నాదీ, దెబ్బలు ఆమెవీ. సరే, పొరపాటయిందని చెప్పేస్తాను, నీ గది నీకు దక్కుతుందన్నాను.

"దక్కదు" అంది రత్నమ్మ. "మీరట్ల చెప్తే తూర్పోళ్లు ఇంక ఈ గడప తొక్కరు. గది ఆయనకు దక్కుతాది." తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. నా వైపు చూసి మొదటిసారి నవ్వింది. "మేడం, మీరు మా ఇంట్లో తినండి."

"తింటే?"

"మేము కిరస్తానీలం. ఊరి బయట పేటలో ఉంటాం. మా కూడు తిన్నోళ్లను ఈ ఊళ్లో ఏ పార్టీవాళ్లూ మా మనిషని చెప్పుకోరు."

ఎంతసేపు నవ్వుకున్నామో తెలియదు. నవ్వు ఆగాక, గది సంగతేమిటని అడిగాను. "గోడలు ఆయనవి. పేపరు తెప్పించేది నేను" అంది.

మెట్ల మీద

ఇంట్లో తింటే ఎవరు చూస్తారు? సాయంత్రం, బజారు నిండుగా ఉన్న వేళ, రీడింగు రూము మెట్ల మీద కూర్చున్నాం. రత్నమ్మ గిన్నె మూత తీసింది. రాగిసంగటి, వేరుసెనగ ఊరిమిండి. మనం రోటి పచ్చడి అనేదాన్నే ఇక్కడ ఊరిమిండి అంటారు. ఒకటే పళ్లెం. ఆమె ముద్ద చేసి నా వైపు జరిపింది, నేను మిండి అద్దుకుని తిన్నాను. నాకు సంగటి మింగడం రాదు. నమలబోతే పళ్లకు అంటుకుంది. "నమలకూడదు మేడం, మింగాల" అంది రత్నమ్మ. మింగాను. ఎదురు కొట్టంలో ఉలి చప్పుడు ఆగిపోయింది. కిరాణా కొట్టులో తక్కెడ పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

పడమటింటి పెద్దాయన మనుషులతో వచ్చి చూశాడు. గది తలుపు మూసి తాళం వేశాడు. "ఈమె మన మనిషి గాదులే, పదండి" అన్నాడు. అవతలి పక్క నిలబడ్డ ఓబులమ్మ మరిది మొహం చిట్లించి, "మన మనిషీ గాదు" అన్నాడు. రెండు పార్టీలూ నన్ను ఒకేసారి వదిలేశాయి. ఆళ్లగడ్డలో నాకు స్వాతంత్ర్యం అప్పుడొచ్చింది.

చెయ్యి కడుక్కుని అక్కడే, మూసిన తలుపు ముందు నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాను. బజారులో ఉన్నవాళ్లు కొట్ల నీడల్లోనే నిలబడి విన్నారు. మిద్దెల మీదికి ఆడవాళ్లు ఎక్కారు. తూర్పు మిద్దెలు, పడమటి మిద్దెలు అని పైన తేడా తెలియలేదు.

ఆ దేశాల్లో ఒకప్పుడు దొరది ఏ మతమో ఊరిదీ అదే మతమని చెప్పాను. దొర మారితే ఊరంతా మారాలి. మీ ఇళ్ల పగల్లాగే, నాది నిజం నీది అబద్ధమని తరాల తరబడి చంపుకుని, అలిసిపోయి, చివరికి మనిషి లోపల ఏమనుకుంటాడో అది దొరది కాదు, ఆ మనిషిదేనన్న మాటకు వచ్చారు. మంచితనం వల్ల వచ్చిన మాట కాదది, పీనుగులు మోసి మోసి వచ్చిన మాట. ఆ తర్వాత ఇంగ్లండులో రాజు మీద గెలిచిన సిపాయిలు ఒక చర్చిలో కూర్చుని, పూరిగుడిసె వాడికీ బతుకొక్కటే గనక వాడి ఒప్పుదల లేకుండా వాణ్ణి ఏలకూడదని తమ సేనానుల మొహం మీదే అడిగారు. భూమి లేనివాడికి మాటెందుకన్నారు సేనానులు. సిపాయిలు ఓడిపోయారు. వాళ్ల ప్రశ్న మిగిలింది. ఇంకో వందేళ్లు దాటాక ఫ్రాన్సులో జనం, మనుషులంతా పుట్టుకతో సమానమేనని చాటారు.

"మనల్ని ఏలిన దొరలకు ఇవన్నీ తెలుసునా?" అని కొట్టంలోంచి శిల్పి ఒకతను అడిగాడు.

"తెలుసు. వాళ్ల పిల్లలకు బళ్లో చెప్పుకుంటూనే మన పిల్లల్ని జైళ్లలో పెట్టారు. మనిషి ఒళ్లు అతని సొంతమని రాసిన పెద్దమనిషే బానిసల వ్యాపారంలో వాటా పెట్టుకున్నాడు. అందుకని ఆ మాటను వాళ్లకే వదిలేద్దామా? ఫ్రాన్సువాళ్ల చెరుకుతోటల్లో ఉన్న బానిసలు వదిలేయలేదు. మీరు రాసుకున్నారు కదా, మేమూ మనుషులమేనని తిరగబడి తెచ్చుకున్నారు. ఇది ఎవరి ఇంటి సొత్తూ కాదు. ఎవరు పట్టుకుంటే వాళ్లది."

"ఆడోళ్లకు?" అని పైనుంచి వినిపించింది. ఓబులమ్మ పిట్టగోడ పట్టుకుని వంగి చూస్తోంది. "అక్కా, ఆ సమానంలో ఆడోళ్లు యాడుండారు?"

"ఒకామె అదే అడిగింది. ఆడదానికి ఉరికంబం ఎక్కే హక్కుంటే వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలని రాసింది. తల తీసేశారు."

"వదినా, దిగు" అన్నాడు కిందనుంచి ఓబులమ్మ మరిది. పెద్దగా అనలేదు. ఓబులమ్మ దిగిపోయింది. నేను ఇంకేం మాట్లాడానో నాకే గుర్తులేదు.

మర్నాడు

రాత్రి రత్నమ్మ ఇంట్లో పడుకుని, బస్సుకు ముందు మెట్ల దగ్గరికి వెళ్లాను. తలుపుకు తాళం అలాగే ఉంది. రత్నమ్మ సాయంత్రం దాకా ఆగకుండా మెట్ల మీద చాప పరిచి, పేపరు రెండు ముక్కలు చేసి, అటొకటి ఇటొకటి పెట్టి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టింది. పక్కన నిన్నటి గిన్నె మూతపెట్టి ఉంది. ఎవరూ రాలేదు. బజారున పోయేవాళ్లు మెట్ల వైపు చూడకుండా పోతున్నారు. రోజూ వచ్చేవాళ్లు కూడా కిరాణా కొట్టు ముందు నిలబడ్డారు గాని, రోడ్డు దాటలేదు.

"మీరు పొండి మేడం, బస్సు పోతాది" అంది రత్నమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం చాప అంచు పీకుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. నా బస్సు, నా ఇష్టమని కసిరి పక్కన కూర్చున్నాను.

అప్పుడు ఓబులమ్మ వచ్చింది. చేతిలో గుడ్డ మూట. "దోవలో తింటావని రొట్టెలు కాల్చినా అక్కా" అని మూట నాకివ్వబోయి ఆగింది. చాప వైపు చూసింది, తాళం వైపు చూసింది. చెప్పులు విడిచి, మెట్లెక్కి, రత్నమ్మ పక్కన చాప మీద కూర్చుంది. మూట విప్పి, ఒక రొట్టె తీసి రెండుగా తుంచి, సగం రత్నమ్మ చేతిలో పెట్టింది.

"నిన్నటి మిండి మిగిలుండాదా టీచరమ్మా?"

"ఉండాది" అంది రత్నమ్మ. కదల్లేదు. "అందరూ చూస్తాండారు ఓబులమ్మక్కా."

"చూడనీ. పెట్టు."

రత్నమ్మ గిన్నెలోంచి చేత్తో తీసి ఆమె రొట్టె మీద పెట్టింది. ఓబులమ్మ మడిచి నోట్లో పెట్టుకుంది. కిరాణా కొట్టు ముందు నుంచి ఆమె మరిది రోడ్డు దాటి విసవిసా వచ్చాడు. పై మెట్టుకు ఎక్కలేదు, కిందే నిలబడ్డాడు.

"ఎవురి మనిషననుకుంటాండావ్ వదినా నువ్వు? ఏం చేస్తాండావ్ ఈడ?"

ఓబులమ్మ తొందరపడలేదు. నమిలింది, మింగింది, కొంగుతో మూతి తుడుచుకుంది.

"తింటాండా" అంది.